ఆర్గానిక్ అంటే ఏందన్నా?

ఈసారి వీడియో జీవామృతం మీదనో కషాయాల మీదనో కాదు, ఒక్క మాట మీద. ఆ మాట మనం రోజుకు ఇరవై సార్లు అంటం. సంచి మీద రాస్తం, షాపు బోర్డు మీద రాస్తం, వాట్సాప్ స్టేటస్‌ల పెడతం. ఆర్గానిక్. వీడియోల పది నిమిషాల్లో అన్నీ చెప్పలేకపోయాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. జర ఓపికతోని చదవండి. ఎందుకంటే ఈ మాటకు అర్థం సరిగ్గ తెలియక మా గ్రూపుల ఎనిమిది మంది రైతులకు ఒక సీజన్ పైసలు పోయినయి.

జరిగింది చెప్తాను. మా గ్రూపుల ఒక పెద్ద రైతు ఉన్నడు. నాకంటే ఇరవై ఏండ్లు పెద్ద, నేను అన్న అనే పిలుస్త. నాలుగేండ్ల నుంచి యూరియా ముట్టలేదు. ఆ యేడు అర ఎకరంల వంకాయ పెట్టిండు. కొమ్మ, కాయ తొలిచే పురుగు పట్టింది. వేప కషాయం కొట్టిండు, అగ్నిఅస్త్రం కొట్టిండు, పుచ్చు కాయలు ఏరి పారేసిండు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఇక ఆగలేక మండలంల దుకాణానికి పోయి, "సేటూ, ఆర్గానిక్‌ల ఏమన్న ఉందా" అని అడిగిండు. సేటు ఒక సీసా తీసి ఇచ్చిండు. ఆకుపచ్చ లేబులు, మీద వేపాకు బొమ్మ, "100% ఆర్గానిక్" అని పెద్దగ రాసి ఉంది. దాంట్ల ఏముంది అనే దగ్గర మాత్రం "మొక్కల సారం" అని ఒక్క ముక్క. మూడో రోజుకల్లా పురుగు రాలింది. అన్న సంబురపడి నాకు ఫోన్ చేసిండు. నేను డిప్లొమా చదివినోణ్ని, నేనన్న ఆలోచించాలె గదా. "మంచిదే గదన్నా" అన్నాను. ఆ తప్పు నాది.

మా కూరగాయలు తీసుకునేటోళ్లు ఆ వారమే శాంపిల్ ల్యాబుకు పంపిండ్రు. వంకాయల ఎమామెక్టిన్ బెంజోయేట్ తేలింది. పురుగును చంపే పక్కా రసాయనం. ఒక్క అన్న సరుకే కాదు, గ్రూపు సరుకు మొత్తం ఆపేసిండ్రు. ఫోన్ ఎత్తుడు కూడా బంద్ చేసిండ్రు. అన్న మా ఇంటి ముంగట కూసోని ఒకటే మాట అన్నడు: "నేను కొన్నది ఆర్గానిక్ మందే గదా తమ్మీ. సీసా మీద రాసి ఉంది గదా."

అన్న అబద్ధం చెప్పలేదు. సీసా మీద ఉన్న ఆర్గానిక్ వేరు, మన గంప మీద రాసుకునే ఆర్గానిక్ వేరు. అక్షరాలు ఒకటే, అంతే. ఆ రోజు నుంచి ఈ మాట వెనక పడ్డాను.

మాట పుట్టుక చూస్తే, ఆర్గాన్ అంటే ఒంట్లో ఉండే అవయవం. గుండె, కాలేయం, కన్ను. గ్రీకు భాషల దాని మూలం పనిముట్టు అనే అర్థం ఇచ్చే మాట. అవయవాలు ఉన్నదానికి, అంటే ప్రాణం ఉన్నదానికి సంబంధించింది ఆర్గానిక్. మన తెలుగోళ్లు దీన్ని చక్కగ దించిండ్రు: స, ఇంద్రియం కలిపి సేంద్రియం. ఇంద్రియాలతో కూడింది. ఎవరు చేసిండ్రో గాని మంచి మాట.

మరి కెమిస్ట్రీల ఆర్గానిక్ ఏంది? పాతకాలం శాస్త్రవేత్తలు ఏమనుకునేటోళ్లంటే, కొన్ని పదార్థాలు ప్రాణుల ఒంట్లనే తయారైతయి, మనిషి గాజు సీసాల చేయలేడు అని. చక్కెర, కొవ్వు, మూత్రంల ఉండే యూరియా ఇట్లాంటివి. వాటికి ఆర్గానిక్ అని పేరు పెట్టిండ్రు. 1828ల జర్మనీ దేశపు ఫ్రెడ్రిక్ వోలర్ ప్రయోగశాలల, ఏ జంతువు అవసరం లేకుండా, ఒక ఉప్పు లాంటి పదార్థం నుంచి యూరియా తయారు చేసిండు. అప్పటి నుంచి ఆ గోడ పగిలింది. ఇప్పుడు కెమిస్ట్రీల ఆర్గానిక్ అంటే స్థూలంగ కర్బనం ఉన్న పదార్థం అని అర్థం. ప్రాణంతోని పని లేదు.

అంటే ఏమైంది? మనం దుకాణం ముంగట చెప్పులు లైన్ల పెట్టి తెచ్చుకునే 45 కిలోల యూరియా బస్తా, 46 శాతం నత్రజని ఉన్న ఆ తెల్ల గుళికలు, కెమిస్ట్రీ పుస్తకం లెక్కన ఆర్గానిక్ పదార్థమే. నవ్వు వస్తుందా? ఇంకోటి వినండి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ ఏ జాతి మందులో తెలుసా? ఆర్గానోఫాస్ఫరస్ జాతి. డీడీటీ, ఎండోసల్ఫాన్ ఆర్గానోక్లోరిన్ జాతి. ఇంటిపేరులనే ఆర్గానో ఉంది. మా వంకాయల దొరికిన ఎమామెక్టిన్ల కూడా కర్బనం ఉంది. ఆ సీసా కంపెనీ ఓనర్ రేపు పొద్దున కోర్టుల నిలబడి "సార్, కెమిస్ట్రీ ప్రకారం ఇది ఆర్గానిక్కే" అంటే పుస్తకం ఆయన్ని తప్పు పట్టదు. రైతును మోసం చేసుడుకు ఇంతకంటే మంచి మాట ఇంగ్లీషుల దొరకదు.

తెలుగు మీడియంల చదివినోళ్లకు ఒకటి గుర్తుండాలె. ఆర్గానిక్ కెమిస్ట్రీని మన పుస్తకాలు కర్బన రసాయన శాస్త్రం అన్నయి. ఆర్గానిక్ ఫార్మింగ్‌ను సేంద్రియ వ్యవసాయం అన్నయి. ఇంగ్లీషోళ్లకు ఒక్క మాట ఉంటే మనకు రెండు. గందరగోళమే లేదు. మనమే ఆ రెండు మాటలు పక్కకు పెట్టి, స్టైల్‌గ ఉంటదని ఇంగ్లీషు ముక్క నెత్తికెత్తుకున్నం.

అట్లని తెలుగుల కూడా అంత సాఫీగ లేదు. భూసార పరీక్ష కార్డు తీసి చూడండి. సేంద్రియ కర్బనం అని ఒక లైన్ ఉంటది. ఇంగ్లీషుల ఆర్గానిక్ కార్బన్. 0.5 శాతం లోపల ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, దాని పైన ఉంటే ఎక్కువ. పాలమూరు ఎర్ర చెల్కలల, నల్లగొండ దుబ్బ నేలలల చాలా కార్డులు తక్కువ అనే చూపిస్తయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, ఎండకు నేలల కుళ్లే పదార్థం తొందరగ కరిగిపోతది. ఇక్కడ ఆర్గానిక్ అంటే ఒకప్పుడు ఆకో, వేరో, పేడో అయి ఉండి నేలల కలిసిపోయిన దాని కర్బనం. అంతే. మందు కొట్టినవా లేదా అన్నది ఈ లైన్‌కు తెలియదు. పెంట బండ్ల కొద్దీ తోలి, పైన యూరియా కూడా వేసే రైతు కార్డుల ఈ అంకె మంచిగ ఉండొచ్చు. మూడేండ్లుగ ప్రకృతి వ్యవసాయం చేస్తున్న చెల్కల 0.4 దాటకపోవచ్చు. నన్ను ఒకాయన మీటింగ్‌ల అందరి ముంగట అడిగిండు, "నీ కార్డులనే ఆర్గానిక్ తక్కువ అని ఉంది, నీది ఆర్గానిక్ ఎట్లయితది" అని. నేను సమాధానం చెప్పేలోపల చప్పట్లు కొట్టిండ్రు. అప్పుడు కోపం వచ్చింది గాని, తప్పు ఆయనది కాదు, మాటది.

ఇక వ్యవసాయానికి ఈ మాట ఎప్పుడు అంటుకుంది? 1940ల ఇంగ్లండ్‌ల లార్డ్ నార్త్‌బోర్న్ అనే ఆయన లుక్ టు ది ల్యాండ్ అని ఒక పుస్తకం రాసిండు. ఆర్గానిక్ ఫార్మింగ్ అనే మాట అచ్చులకు ఎక్కింది దాంట్లనే అంటరు. ఆయన మనసుల ఉన్నది "మందు లేకుండా" అనే ఒక్క సంగతి కాదు. పొలం మొత్తాన్ని ఒక ఒళ్లు లెక్క చూసిండు. నేల, పంట, పశువు, మనిషి, అన్నీ దాని అవయవాలు. ఒక దాని మిగులు ఇంకో దానికి తిండి. ఈ లెక్కన చూస్తే, గుజరాత్ నుంచి సీవీడ్ గుళికలు, ఇంకెక్కడి నుంచో వేపపిండి, ఆన్‌లైన్‌ల ఎన్‌పీకే బ్యాక్టీరియా కొని పోసి, ఇంటి ముంగట ఒక్క ఆవు లేకుండా చేసే ఎవుసం ఆర్గానిక్ అయితదా? సర్టిఫికెట్ వస్తది. నార్త్‌బోర్న్ మాత్రం ఒప్పుకోడు. అమ్రాబాద్ దిక్కు పొడ తూర్పు ఆవుల మందను కంచెల మేపి, రాత్రికి చేన్ల ఆపే గొల్లాయన ఈ మాట జిందగీల విని ఉండడు గాని, ఆయన చేసేదే అసలు అర్థానికి దగ్గర.

సుభాష్ పాలేకర్ గారి సంగతి మీకు తెలిసిందే. ఆయన ఆర్గానిక్ అనే మాటనే ఒప్పుకోరు. వర్మీ కంపోస్టును, బయట నుంచి కొనే సేంద్రియ ఎరువులను రసాయన ఎరువులంత గట్టిగ వ్యతిరేకిస్తరు. నేను ఆయన చెప్పిన ప్రతి మాటకు తల ఊపేటోణ్ని కాదు. వర్మీ కంపోస్టు మీద ఆయన కోపం నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాని కొనుగోలు మీద ఆధారపడితే ఆర్గానిక్ కూడా ఇంకో మందు దుకాణమే అయితదన్న మాట మా వంకాయ సంగతి తర్వాత నాకు నెత్తికెక్కింది.

ఇప్పుడు చట్టంల ఆర్గానిక్. ఇది అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే జరిమానా మనకే. మన దేశంల 2001ల ఎన్‌పీఓపీ అనే జాతీయ కార్యక్రమం మొదలైంది, ముఖ్యంగ ఎగుమతుల కోసం. తర్వాత చిన్న రైతుల కోసం పీజీఎస్ వచ్చింది. కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి, ఒకరి పొలం ఒకరు చూసి, రాసి, సంతకం పెట్టే పద్ధతి. 2017ల ఆహార భద్రత సంస్థ ఆర్గానిక్ ఫుడ్స్ నియమాలు తెచ్చింది. 2018 జులై నుంచి అమలు. ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాసి షాపుల అమ్మాలంటే ఈ రెండిట్ల ఒకటి ఉండాలె, చట్టం చెప్పిన ఆర్గానిక్ గుర్తు ఉండాలె. చిన్న రైతు నేరుగ తినేటోళ్లకు అమ్ముకుంటే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కాని ఆ గుర్తు వాడొద్దు. మనల చాలా మంది షాపులకు ఇచ్చే ప్యాకెట్ల మీద కూడా ఏ కాగితం లేకుండా ఆర్గానిక్ అని అచ్చు వేయిస్తున్నరు. నేను కూడా మొదట్ల వేయించిన, దాచిపెట్టేదేముంది.

చట్టంల ఆర్గానిక్ అంటే "రసాయనం లేనిది" అని అనుకుంటే అదీ తప్పే. చట్టం చూసేది పండించిన పద్ధతిని. రసాయనం ఆపిన మొదటి పంటకే ఆ పేరు రాదు. ఏడాది పంటలకు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు మార్పు కాలం గడవాలె. నల్లగొండ బత్తాయి రైతు బంక తెగులుకు చెట్టు మొదళ్లకు పూసే బోర్డో పేస్టు మైలుతుత్తం, సున్నం కలిపిందే. మైలుతుత్తం రసాయనం కాదా? అయినా పరిమితితోని ఆర్గానిక్‌ల అనుమతి ఉంది. ఇంకో దిక్కు, మనం అగ్నిఅస్త్రంల వేసే పొగాకు చేన్ల పెరిగిన మొక్కనే, అచ్చమైన ప్రకృతి. కాని అమెరికా ఆర్గానిక్ నియమాలల పొగాకు పొడి నిషేధం. పత్తి సంగతి ఇంకా చిత్రం. నల్లగొండ, పాలమూరు రెండు దిక్కులా ఎటు చూసినా పత్తే. ఒక రైతు పిండి సంచి తేకుండా, ఒక్క పిచికారీ లేకుండా, పేడ నీళ్ల మీదనే పత్తి తీసిండనుకోండి. విత్తనం బీటీ అయితే ఆ పత్తి ఆర్గానిక్ కాదు. జన్యుమార్పిడి విత్తనానికి చోటు లేదు. 2002ల బీటీకి అనుమతి వచ్చినంక దుకాణంల బీటీ కాని పత్తి గింజ అడిగితే మన మొఖం దిక్కు చూస్తరు. చేతుల లేని విత్తనానికి రైతు ఎట్ల బాధ్యుడు? నాకు ఇది అన్యాయం అనిపిస్తది. అయినా నియమం నియమమే. తెలిసి ఉండాలె.

సీసాల దగ్గరకు వస్తాను, నా కడుపు మంట అంతా అక్కడనే ఉంది. పురుగును చంపుతది అని చెప్పి అమ్మే ఏ మందుకైనా 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలె. వేప నూనె మందుకైనా, ట్రైకోడెర్మాకైనా అంతే. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నెంబరు, లోపలి పదార్థం పేరు, శాతం, విషం స్థాయి చెప్పే డైమండ్ గుర్తు ఉండాలె. ఇవి లేకుండా అమ్ముకునుడుకు కొందరు దొరకబట్టిన సందు బయో ప్రొడక్ట్, బయో స్టిమ్యులెంట్ అనే పేర్లు. మొక్కకు బలం ఇస్తది అని కాగితం మీద, పురుగు రాలుతది అని నోటి మీద. 2021ల కేంద్రం బయో స్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. వాటిల పురుగుమందు 0.01 పీపీఎం దాటొద్దు అని పెట్టింది. అంటే చట్టానికే తెలుసు, వీటిల రసాయనం కలిపేటోళ్లు ఉన్నరని. బలం మందు అని లేబుల్ ఉండి, పొద్దుగాలకల్లా పురుగు కింద పడితే, ఆ సీసాల రాయనిది ఏదో ఉన్నట్టే అనుమానించాలె. కషాయం ఎన్నడూ అట్ల చేయదు. కషాయం పురుగును తిననియ్యదు, గుడ్లు పెట్టనియ్యదు, మెల్లగ తగ్గిస్తది. ఆ మెల్లతనమే దాని గుర్తు. నాలుగేండ్లు కషాయం కొట్టిన అన్నకు ఇది తెలియక కాదు. పంట చేతికొచ్చే ముంగట మనసు ఆగదు.

మన దిక్కు మాటలల కూడా మోసం లేకపోలేదు. "మందు కొట్టలే" అని ఒక రైతు ప్రమాణం చేసి చెప్తడు. నిజమే చెప్తడు. కాని మా ఊర్ల మందు అంటే పురుగుమందే. ఎరువు బస్తాను పిండి సంచి అంటరు. పిండి చల్లి, మందు కొట్టకుంటే "మందు కొట్టని పంట". గడ్డి మందు దుక్కిల కొట్టింది లెక్కల రాదు, అది పంట మీద కొట్టలేదు గదా! హైదరాబాద్ మేడమ్ అదే మాట విని "ఓహో, ప్యూర్ ఆర్గానిక్" అనుకుంటది. ఇద్దరూ మంచోళ్లే. మధ్యల మాట చెడ్డది. వంకాయల పుచ్చు ఉంటే "ఇదేంటండీ" అని, పుచ్చు లేకుంటే "ఇది నిజంగా ఆర్గానిక్కేనా" అని అడిగేది కూడా ఆ మేడమే. ఆ సంగతి ఇంకో వీడియోల.

నవ్వులాటకు ఒకటి. మీరు ఈ వీడియో చూస్తున్నరు గదా, పైసలు కట్టి ప్రచారం చేయకుండా వచ్చే వ్యూస్‌ను కూడా ఆర్గానిక్ వ్యూసే అంటరు. దానంతట అది పెరిగింది అనే అర్థంల. మా ఛానల్ వరకు ఆ సర్టిఫికెట్ మాకు ఉన్నట్టే!

ఇప్పుడు నేచురల్ అనే ఇంకో మాట వస్తున్నది. 2024 నవంబర్ల కేంద్ర కేబినెట్ 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ ఒప్పుకుంది. మంచిదే. మన పద్ధతికి ఒక గుర్తింపు. కాని డబ్బులు ఎటు పోతే సీసాలు అటు పోతయి. రేపు అదే సీసా, అదే వేపాకు బొమ్మ, 100% నేచురల్ అని వస్తది. ఆ మాటను ఎవరు కాపాడాలె?

నా అభిప్రాయం చెప్తాను, కాదన్నోళ్లు కాదనండి. మాటను కాపాడేది లేబుల్ కాదు, పక్క రైతు. జనగామ దిక్కు ఏనబావి ఊరు మీకు తెలుసు. 2006 నాటికే ఊరు ఊరంత రసాయనాలు బంద్ పెట్టిన ఊరు. అక్కడ ఆ మాట నిలబడింది ఎందుకంటే, ఒకరు సీసా తెస్తే పక్కాయనకు తెలుస్తది. పీజీఎస్ అసలు ఉద్దేశం కూడా అదే. మనం దాన్ని ఆన్‌లైన్ ఫారం నింపుడుకు దించినం. ఒకరి చేన్లకు ఒకరం పోవుడు బంద్ అయింది, సంతకాలు మాత్రం పడుతున్నయి. మా గ్రూపుల జరిగింది అదే. ఆ సీసా అన్న కొట్టంల వారం రోజులు ఉంది. ఒక్కరం పోయి చూడలేదు.

అందుకే మేము రెండు పనులు చేసినం. ఒకటి, దుకాణం నుంచి ఏ సీసా తెచ్చినా, కొట్టక ముందే దాని లేబుల్ ఫోటో గ్రూపుల పెట్టాలె. పదార్థం పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు లేకుంటే వాపస్. రెండు, సర్టిఫికెట్ ఉన్న బియ్యం మీద తప్ప ఏ ప్యాకెట్ మీద కూడా ఆర్గానిక్ అని రాస్తలేము. దాని జాగల నాలుగు లైన్లు రాస్తున్నం. విత్తనం ఏది. ఎరువు ఏది. పురుగుకు ఏం కొట్టినం, ఎన్ని సార్లు. గడ్డి ఎట్ల తీసినం. పల్లి నూనె డబ్బా మీద "గడ్డి: కూలీలతో, రెండు సార్లు" అని చదివి ఒకామె ఫోన్ చేసి కూలి ఎంత ఇస్తున్నరు అని అడిగింది. ఆర్గానిక్ అని రాసినన్ని రోజులు ఎవ్వరూ ఆ ప్రశ్న అడగలేదు.

నష్టం లేదని చెప్పను. రెండు షాపులు మా ప్యాకెట్లు పెట్టుకోలేదు. "ఆ మాట లేకుంటే షెల్ఫ్ మీద నిలబడదు బ్రదర్" అన్నరు. మా గ్రూపులనే ఒక తమ్ముడు అలిగి బయటికి పోయి, సొంతంగ పెద్ద అక్షరాలతోని అదే మాట రాసుకోని అమ్ముతున్నడు. మాకంటే ఎక్కువ అమ్ముతున్నడు. అతను పండించేది మంచిగనే పండిస్తడు, ఆ సంగతి నాకు తెలుసు. కొనేటోళ్లకు తెలిసే దారి మాత్రం లేదు.

అన్న ఈ యేడు మళ్లీ వంకాయ పెట్టిండు. లింగాకర్షక బుట్టలు కట్టిండు, తెగిన కొమ్మలు వారం వారం తుంచి కాలపెడుతున్నడు. పోయిన నెల నేను, ఆయన కలిసి అదే దుకాణానికి పోయినం, వేరే పని మీద. సేటు మర్యాదగ కొత్త సీసా ఒకటి తీసి ముంగట పెట్టి, "ఇది పూరా ఆర్గానిక్, పెద్దయ్యా" అన్నడు. అన్న సీసాను ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. జేబుల నుంచి పెన్ను తీసి సేటు చేతికి ఇచ్చిండు.

"దీంట్ల ఏముందో బిల్లు మీద రాసియ్యి సేటూ."

సేటు పెన్ను దిక్కు చూసిండు, సీసా దిక్కు చూసిండు. సీసా తీసుకపోయి మళ్లీ అరల పెట్టిండు.